వేగుచుక్క కింద నీలం కొండ: టర్నర్ బొమ్మ వెంట ఐదు రోజులు

మొదటి రోజు: లండన్

మా ఇంట్లో నడవా గోడకి ఒక బొమ్మ ఉండేది. నాన్న ఎప్పుడో ఒక క్యాలెండర్‌లోంచి కత్తిరించి ఫ్రేమ్ కట్టించారు. నీలం కొండ, కింద నీలం నీళ్ళు, చిన్నచిన్న పడవలు. అడుగున అచ్చువేసిన పేరు కత్తిరింపులో పోయింది. అది ఎక్కడి కొండో, ఎవరు వేశారో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసిన నాన్న, పిల్లలకి వాటర్ కలర్ వాష్, అంటే రంగుని నీళ్ళలా పలచగా పారించడం, చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ ఫ్రేమ్‌ని గుడ్డలో చుట్టి సైకిల్ మీద బడికి పట్టుకెళ్ళేవారు. "ఒక్క నీలంతో ఇంత చెప్పాడు చూడండిరా" అనేవారు.

ఉద్యోగానికి లండన్ వచ్చిన కొత్తలో ఒక ఆదివారం టేట్ బ్రిటన్ మ్యూజియం దుకాణంలో పోస్టుకార్డులు తిరగేస్తుంటే ఆ కొండ నా చేతిలోకి వచ్చింది. ద బ్లూ రిగి, సన్‌రైజ్. రిగి అనే కొండ, నీలంగా, సూర్యోదయం వేళ. వేసింది ఇంగ్లీషు చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్, 1842. అక్కడే నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "స్పెల్లింగ్ చెప్పమ్మా, రాసుకుంటా" అన్నారు.

ఈ సెప్టెంబరుకి ఆయన్ని తీసుకురాగలిగాను. రెండు దేశాల వీసాల టెన్షన్ ఒక కథ, అది వదిలేస్తాను. ఆయనకి ఇప్పుడు అరవై ఆరు. 1841లో టర్నర్ స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ వెళ్ళి ఈ కొండని చూసినప్పుడు ఆయన వయసూ అంతే. ఈ సంగతి నాన్నకి ముందే చెబితే వచ్చే ధైర్యం చిక్కుతుందని చెప్పాను. నిజంగానే చిక్కింది.

బ్లూ రిగి గోడ మీద ఎప్పుడూ వేలాడే బొమ్మ కాదు. వాటర్ కలర్‌కి వెలుతురే శత్రువు. ఎంత వెలుతురు తగిలితే అంత రంగు పోతుంది, పోయిన రంగు తిరిగి రాదు. అందుకని ఇలాంటి వాటిని చాలాకాలం చీకట్లో దాచి, అప్పుడప్పుడు మాత్రమే బయట పెడతారు. అయితే టేట్ బ్రిటన్‌లో కాగితం మీది బొమ్మల్ని చూడటానికి ఒక గది ఉంది. ముందుగా రాసి సమయం తీసుకుంటే ఎవరైనా వెళ్ళొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. నేను వారాల ముందే రాసి పెట్టుకున్నాను. చేతులు కడుక్కోమన్నారు, పెన్నులు లోపల పెట్టమన్నారు. నాన్న తన చొక్కా జేబులోని పెన్ను తీసి, అది లీకవుతుందేమోనని మూత రెండుసార్లు నొక్కి, నా బ్యాగులో వేశారు.

బొమ్మ తెచ్చి మా ముందు పెట్టారు. ముందు ఆశ్చర్యపరిచింది దాని సైజు. 29.7 సెంటీమీటర్ల ఎత్తు, 45 సెంటీమీటర్ల వెడల్పు. జిరాక్స్ షాపులో దొరికే ఏ3 కాగితం కన్నా మూడు సెంటీమీటర్లు వెడల్పు ఎక్కువ, అంతే. ఈ కాగితాన్నే 2006లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో 58 లక్షల పౌండ్లకు కొన్నారు. అది దేశం దాటిపోకుండా ఎగుమతి ఆపి, టేట్‌కి కొనుక్కునే గడువు ఇచ్చారు. అప్పుడు జనం దగ్గర చందాలు పోగుచేశారు, ఐదు పౌండ్లకి ఒక కుంచె గీత చొప్పున. 2007లో 49 లక్షల 50 వేల పౌండ్లకి అది టేట్‌ది అయింది. ఆ ఐదేసి పౌండ్లు ఇచ్చినవాళ్ళ వల్లే ఒక తెనాలి డ్రాయింగ్ మాస్టారు దాని ముందు కూర్చోగలిగారు. వాళ్ళెవరో నాకు తెలియదు కానీ దండం పెట్టాలనిపించింది.

నాన్న బొమ్మ వైపు వంగి చూసి, వెనక్కి జరిగి, మళ్ళీ వంగారు. "ఇది మన బొమ్మ కాదమ్మా" అన్నారు.

నాకు గుండె గుభేలుమంది. "అదేంటి నాన్నా, అదే కదా."

"మన దాంట్లో ఈ పసుపు లేదు. ఈ గులాబీ లేదు."

అప్పుడు అర్థమైంది. కొండ వెనక ఆకాశంలో లేత పసుపు వెలుగు ఉంది. అది పైకి పోతూపోతూ ఎక్కడో తెలియకుండా నీలంలో కలిసిపోతోంది. మా ఇంటి ప్రింటు నడవాలో ముప్పై ఏళ్ళు ఎండని మోసింది. అచ్చు సిరాల్లో పసుపూ ఎరుపూ ముందు వెలిసిపోతాయి, నీలం చివరిదాకా నిలబడుతుంది. ఎండకి పెట్టిన పాత సినిమా పోస్టర్లన్నీ నీలంగా మారేది అందుకే. ఒక్క నీలంతో ఇంత చెప్పాడని నాన్న అన్ని బ్యాచ్‌ల పిల్లలకి చూపించిన బొమ్మ, టర్నర్ వేసినది కాదు. ఎండ మిగిల్చినది.

నాన్న బాధపడతారనుకున్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

తర్వాత గంటసేపు ఆయన చూపించినవే నేను చూశాను. దూరం నుంచి కొండ ఒకే వాష్‌లా ఉంటుంది. దగ్గరికి వస్తే దాని మీద సన్నటి గీతలు, వందలు. ఒకటి ఊదాకి దగ్గర, ఒకటి బూడిదకి దగ్గర, ఒకటి ఆకుపచ్చని తాకీ తాకనట్టు. ముందు తడి కాగితం మీద పలచగా రంగు పారించి, ఆరాక దాని మీద సన్నని కుంచెతో పొరలు పొరలుగా అల్లుకుంటూ వచ్చాడు. కింద నీళ్ళలో రెండు కుక్కలు బాతుల మీదికి దూకుతున్నాయి, బాతులు లేస్తున్నాయి. ఊరంతా నిద్రలో ఉన్న వేళ అదొక్కటే చప్పుడు. పైన, ఆకాశంలో, ఒక తెల్లటి చుక్క.

"వేగుచుక్క" అన్నారు నాన్న. "తెల్లరంగు పెట్టలేదు చూడు. గీకాడు."

నిజమే, అక్కడ రంగు లేచిపోయి కాగితమే బయటపడ్డట్టుంది. వాటర్ కలర్‌లో వెలుగంటే కాగితం తెల్లదనమే. దాన్ని వదిలిపెట్టాలి, లేదంటే తర్వాత గీకి బయటికి తియ్యాలి. టర్నర్ ఆ పని కోసం ఒక బొటనవేలి గోరు పొడుగ్గా పెంచుకునేవాడని, పని చేస్తుంటే చూసినవాళ్ళు చెప్పుకునేవారట. నేనది చెబితే నాన్న తన గోరు చూసుకున్నారు.

రెండో రోజు: లూసర్న్ చేరాం

పొద్దున విమానంలో జ్యూరిక్, అక్కడి నుంచి గంటకి పైగా రైలు. స్టేషన్‌లోంచి బయటికి వస్తే ఎదురుగా సరస్సే. స్విస్ ట్రావెల్ పాస్ తీసుకున్నాం. రైళ్ళతో పాటు ఈ సరస్సు మీది పడవలకి, రిగి కొండ రైలుకి కూడా అదే చెల్లుతుంది కాబట్టి ఈ దారిన వచ్చేవాళ్ళకి పనికొస్తుంది.

హోటల్లో దెబ్బ తిన్నాం. సరస్సు కనిపించే గది అని చెప్పి బుక్ చేయించుకున్నారు, దానికి అదనంగా డబ్బూ తీసుకున్నారు. తెర తీస్తే ఎదురింటి గోడ, దానికి వానగొట్టం. ఆ గది అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశామని, మార్చడం కుదరదని అన్నారు. నేను గట్టిగానే వాదించాను. ఈ ప్రయాణం అంతా ఒక కిటికీ కోసం, ఆ సంగతి కౌంటర్ దగ్గరున్నవాళ్ళకి ఎలా చెప్పాలో తెలియలేదు. నాన్న నా భుజం మీద చెయ్యేసి "పదమ్మా, బెంచీలున్నాయి కదా బయట" అన్నారు. కుక్కర్‌లో అన్నం పెట్టుకుని, ఆవకాయ వేసుకుని తిని పడుకున్నాం. వాన మొదలైంది.

మూడో రోజు: హంస చౌకు

అలారం ఐదింటికి. ఐదున్నరకల్లా ఒడ్డున ఉన్నాం. కొండ లేదు. ఎదురుగా తెల్లగా పొగమంచు, దానికి ముందు పది గజాల నీళ్ళు. ఏడున్నర దాకా నిలబడ్డాం. నాన్న బ్రష్షుల డబ్బా తెరవనే లేదు.

ఆ పొద్దుని కాళ్ళతో గడిపేశాం. టర్నర్ దిగిన సత్రం పేరు హంస. ఊళ్ళో నది సరస్సులోంచి విడిపోయే చోట, కుడి ఒడ్డున ఉండేది. ఆ చౌకుని ఇప్పటికీ ష్వానెన్‌ప్లాట్జ్ అంటారు, అంటే హంస చౌకు. చుట్టూ వాచీల దుకాణాలు, బస్సులు దిగే టూరిస్టు గుంపులు. మనవాళ్ళూ చాలామందే. గుజరాతీ, తమిళం, ఒకచోట చక్కటి గోదావరి యాస తెలుగు. వాళ్ళకి ఇక్కడ గంట సమయం, తర్వాత మంచు కొండకి పోవాలి. ఒక పెద్దావిడ నాన్నని చూసి "ఎక్కడెక్కడ చూశారండీ?" అని పలకరించింది. "ఇంకా ఏం చూడలేదమ్మా, ఈ కొండ కోసమే వచ్చాం, మబ్బు పట్టింది" అన్నారు నాన్న. ఆవిడ పొగమంచు వైపు చూసి, "తీస్తుందిలెండి" అంది, మనింట్లో చెప్పినట్టే.

ఇక్కడ ఒక విషయం తెలిసి నాకు లెక్కలన్నీ మారాయి. ఇప్పుడు మనం నడిచే విశాలమైన ఒడ్డు టర్నర్ కాలంలో లేదు. సత్రం దగ్గర్నుంచి హోఫ్ చర్చి వైపు నీళ్ళ మీదుగా పొడుగాటి చెక్క వంతెన ఉండేది. 19వ శతాబ్దం మధ్యకల్లా దాన్ని విడతలుగా విప్పేసి, నీళ్ళని పూడ్చి, ఈ రోడ్డూ హోటళ్ళూ కట్టారు. ఇప్పటికీ నిలబడి ఉన్న చాపెల్ వంతెన దాని చెల్లెలు లాంటిది. 14వ శతాబ్దానిది, పైన కప్పుతో నది మీద ఏటవాలుగా పోతుంది. కప్పు కింద త్రికోణపు చెక్కల మీద 17వ శతాబ్దపు బొమ్మలు. 1993 ఆగస్టులో వంతెన తగలబడి వాటిలో చాలా భాగం పోయాయి. వంతెన మళ్ళీ కట్టారు కానీ బొమ్మల్లో కొన్ని మసిబారిన చెక్కలుగానే పైన ఉన్నాయి. నాన్న ఒక నల్లటి చెక్క కింద ఆగి, దాని మీద ఏముండేదో ఊహించడానికి తల పక్కకి వంచి చూస్తూ ఉండిపోయారు.

సత్రం కిటికీలోంచి టర్నర్ ఏం చేశాడన్నది ఈ ప్రయాణానికి ప్రాణం. ఆయన స్విట్జర్లాండ్‌కి మొదట వచ్చింది 1802లో, ఇరవై ఏడేళ్ళప్పుడు. ఫ్రాన్స్‌తో యుద్ధం కొన్నాళ్ళు ఆగిన సందులో వచ్చి, మంచు లోయలూ జలపాతాలూ భయంకరమైన కనుమలూ గీసుకుని వెళ్ళాడు. మళ్ళీ 1841 నుంచి 1844 వరకు వరసగా నాలుగు వేసవులు వచ్చాడు. అప్పటికి ముసలితనం. ఈసారి భయపెట్టే చోట్లకి కాకుండా నీళ్ళ పక్కన కూర్చున్నాడు. రిగి అంత గొప్ప ఎత్తున్న కొండేమీ కాదు, 1798 మీటర్లు. మంచు కిరీటం లేదు. బొంత కప్పుకుని పడుకున్న ఏనుగులా ఉంటుంది. దాన్నే పొద్దునా సాయంత్రం, ఎన్నో రంగుల్లో, చిన్న చిన్న స్కెచ్చుల్లో పట్టుకున్నాడు.

లండన్ తిరిగి వెళ్ళాక, 1842లో, తన బొమ్మలమ్మే గ్రిఫిత్‌కి పదిహేను నమూనాలు ఇచ్చాడు. ఇవి చూపించి ఆర్డర్లు తెండి, పది పెద్దవి వేసిస్తాను అన్నాడు. అప్పటికే టర్నర్ మహా పేరున్నవాడు. అయినా కొనేవాళ్ళు తటపటాయించారు, ఇవి ఆయన పాత పద్ధతిలో లేవు. ఒక్కొక్కటి ఎనభై గినీలకి అతికష్టం మీద తొమ్మిది కుదిరాయి. పదోది గ్రిఫిత్ తన కమీషన్ కింద ఉంచుకున్నాడు. ఆ పదిలో మూడు రిగివే: నీలం, ఎరుపు, నల్ల రిగి. నీలం రిగిని కొన్నది తిమింగలం నూనె వ్యాపారి ఎల్హనన్ బిక్నెల్. దీపాల నూనె అమ్మేవాడు వేగుచుక్కని కొన్నాడని నాన్నకి చెబితే ఎంత సంతోషించారో.

"మరి ఎరుపుది ఎక్కడుంది?" అన్నారు.

"ఆస్ట్రేలియాలో నాన్నా. మెల్‌బోర్న్ మ్యూజియంలో."

"అక్కడికి వెళ్ళలేంలే" అని ఊరుకున్నారు.

సాయంత్రం ఆరున్నరకి మబ్బు విడింది. ఇద్దరం పరిగెత్తినంత పనిచేసి ఒడ్డుకి వచ్చాం. లూసర్న్‌కి రిగి దాదాపు సరిగ్గా తూర్పున, గాలిలో పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. అందువల్ల పొద్దున సూర్యుడు దాని వెనక నుంచి లేస్తాడు, ఊరికి కనిపించేది నీడ ముఖం. సాయంత్రం మన వీపు వెనక నుంచి వాలే ఎండ నేరుగా దాని ముఖం మీద పడుతుంది. అదే కొండ, అదే కిటికీ. నీలానికీ ఎరుపుకీ మధ్య టర్నర్ కుర్చీ కూడా జరపక్కర్లేదు.

ఏడున్నరకి కొండ రాగి చెంబు రంగుకి వచ్చింది. దాని పొరలు, అడ్డంగా పోయే రాతి అంచులు, ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. అడుగు నుంచి నీడ నెమ్మదిగా పైకి ఎక్కుతూ వచ్చింది, ఎరుపు శిఖరం వైపు కుంచించుకుపోయింది. చివరికి దీపం వత్తిలా ఒక్క కొస మిగిలి, అదీ పోయింది. నాన్న కుంచె ముట్టుకోలేదు. "మెల్‌బోర్న్ ఖర్చు తప్పింది తల్లీ" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

నాలుగో రోజు: కొండ మీదికి

పొద్దున మళ్ళీ మబ్బే. ఈసారి ఎనిమిదిన్నర దాకా కాచుకుని, సరే కొండ మీదికే పోదామని పడవెక్కాం. ఈ సరస్సుకి జర్మన్‌లో నాలుగు అడవి సీమల సరస్సు అని పేరు. 114 చదరపు కిలోమీటర్లు, లోతు ఒకచోట 214 మీటర్లు. మాకు దొరికింది చక్రాల స్టీమర్. నడుమ గాజు అద్దంలోంచి చూస్తే ఇంజిన్ కనిపిస్తుంది. నూనె పట్టిన ఇత్తడి, ఉక్కు చేతులు ముందుకీ వెనక్కీ తోస్తుంటాయి. ఇలాంటి ఆవిరి పడవ ఈ నీళ్ళ మీదికి మొదట వచ్చింది 1837లో. అంటే టర్నర్ వచ్చేటప్పటికే పొగగొట్టం చప్పుడు ఇక్కడ ఉంది. ఆయన నీలం బొమ్మలో మాత్రం జాలరి పడవలే ఉన్నాయి. తెల్లవారుజామున స్టీమరు ఎందుకుంటుంది అన్నారు నాన్న. అదీ నిజమే.

గంట ప్రయాణానికి ఫిట్స్‌నౌ రేవు. అక్కడి నుంచి పళ్ళ చక్రాల రైలు. 1871 మే నెలలో మొదలైన ఈ లైను యూరప్‌లోనే మొదటి కొండ రైలు. నిక్లాస్ రిగెన్‌బాఖ్ అనే ఇంజనీర్ పట్టాల మధ్యలో నిచ్చెనలాంటి ఉక్కు పట్టా వేసి, ఇంజిన్ కింద పళ్ళ చక్రం దాని మెట్లని పట్టుకుని ఎక్కేలా చేశాడు. నాలుగు మీటర్లు ముందుకి పోతే ఒక మీటరు పైకి. మామూలు రైలు చక్రం ఆ వాలులో జారిపోతుంది. అంతకుముందు ఈ కొండకి నడిచి, గుర్రాల మీద, డబ్బున్నవాళ్ళయితే మనుషులు మోసే డోలీల్లో వచ్చేవారు. 1816 నుంచే పైన సత్రం ఉంది. తెల్లారక ముందు కొమ్ము ఊది అందరినీ లేపేవారు, దుప్పట్లు కప్పుకుని చలిలో నిలబడి సూర్యోదయం చూసేవారు. రిగి అంటే లోకానికి అదే, పైకెక్కి చూసే సూర్యోదయం.

సగం దూరంలో మబ్బుని చీల్చుకుని ఎండలోకి వచ్చాం. నాన్న పసిపిల్లాడిలా కిటికీకి అతుక్కున్నారు. పైన కుల్మ్ స్టేషన్ నుంచి శిఖరానికి చిన్న ఎక్కుడు. ఆయన మోకాళ్ళు సహకరించలేదు, నాలుగుసార్లు ఆగాం. ఆగినచోట దారి పక్కన రాయి కనిపించింది. దగ్గరగా చూస్తే అది ఒక రాయి కాదు, గుడ్డంత గుండ్రాళ్ళు వందలకొద్దీ ఒకదానికొకటి సిమెంటు పోసి అతికించినట్టు ఉన్నాయి. కోట్ల ఏళ్ళ కిందట లేస్తున్న ఆల్ప్స్ నుంచి నదులు దొర్లించుకొచ్చిన గులకరాళ్ళు కుప్పలు పడి, గట్టిపడి, తర్వాత మొత్తంగా పైకి ఒరిగి కొండ అయ్యాయి. దీన్ని నాగెల్‌ఫ్లూ అంటారు. చెక్కలో దిగిన మేకుల తలల్లా ఆ గుండ్రాళ్ళు బయటికి కనిపిస్తాయని ఆ పేరు. నిన్న సాయంత్రం ఎర్రగా వెలిగిన అడ్డపొరలు ఇవే. నాన్న ఒక గుండ్రాయి మీద చెయ్యి పెట్టి, "కృష్ణ ఒడ్డున ఏరుకునేవాళ్ళం ఇట్లాంటివి" అన్నారు.

శిఖరం నుంచి దక్షిణాన మంచు కొండలు, కింద మబ్బు సముద్రం, దాంట్లో అక్కడక్కడా సరస్సుల ముక్కలు. అద్భుతంగా ఉంది, అందులో సందేహం లేదు. ఫోటోలు తీశాను. నాన్న కాసేపు చూసి నా వైపు తిరిగి అడిగారు:

"ఇందులో రిగి ఎక్కడుందమ్మా?"

"మనం దాని మీదే ఉన్నాం నాన్నా."

"అదే. కనపడట్లేదు."

ఆ మాట అన్నాక ఇద్దరం లూసర్న్ వైపు చూశాం. మబ్బు ఒక్క నిమిషం తెరిపిచ్చినప్పుడు ఊరు అగ్గిపెట్టెలు ఒంపినట్టు నీళ్ళ కొసన కనిపించింది. నాన్నకి అప్పుడు దిగిపోవాలనిపించింది. రైల్లో కాల్ట్‌బాడ్ దాకా, అక్కడి నుంచి వెగ్గిస్‌కి కేబుల్ కారులో, వెగ్గిస్ నుంచి పడవలో వెనక్కి. పడవలో ఆయన నిద్రపోయారు. నేను వెనక్కి తిరిగి కొండనే చూస్తూ వచ్చాను. దూరం పెరిగినకొద్దీ చెట్లు పోయాయి, పొరలు పోయాయి, ఆకుపచ్చ పోయింది. మధ్యలో చేరిన గాలే నీలాన్ని పెంచుతోంది. ఎండలోని నీలాన్ని గాలి ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి, నీడలో ఉన్న కొండకీ మనకీ మధ్య ఎంత గాలుంటే అంత నీలపు తెర. టర్నర్‌కి కావలసింది ఆ పదమూడు కిలోమీటర్ల గాలి. అది పైకెక్కితే ఉండదు.

ఐదో రోజు: తెల్లవారుజాము

మధ్యాహ్నం జ్యూరిక్ నుంచి విమానం. ఇదే ఆఖరి పొద్దు. రాత్రి మూడుసార్లు లేచి గోడ వైపు కిటికీ తెరిచి పైకి మెడ చాచి చూశాను. నాలుగున్నరకి మూడు నక్షత్రాలు కనిపించాయి. నాన్నని లేపబోతే ఆయన అప్పటికే స్వెటర్ వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు.

ఒడ్డున ఎవరూ లేరు. హంస చౌకు దగ్గరి మెట్ల మీద కూర్చున్నాం, చివరి మెట్టుకి నీళ్ళు తగులుతున్నాయి. ఐదుంపావుకి కొండకీ ఆకాశానికీ తేడా లేదు. ఐదున్నర దాటాక కొండ అంచు ఒక దారంలా విడివడింది. అప్పటినుంచి మార్పు ఎప్పుడు జరుగుతోందో తెలియదు, జరిగిపోయిందని మాత్రమే తెలుస్తుంది. నలుపు, తర్వాత సిరా, తర్వాత నల్లచీరకి నీలం అంచు వెలిసినట్టు ఒక రంగు. ఆరుంపావుకి అది ఉంది. మా నడవా గోడ మీది నీలం. కొండ బరువంతా పోయి, నీళ్ళ మీద ఆవిరితో కట్టిన గుడారంలా నిలబడింది. కింద సరస్సులో దాని ఇంకో సగం, కొంచెం వణుకుతూ.

నాన్న డబ్బా తెరిచారు. చిన్న స్టీలు గ్లాసుతో సరస్సు నీళ్ళు ముంచారు. మోకాళ్ళ మీద అట్ట, అట్టకి క్లిప్పులతో కాగితం. మొదట శుభ్రమైన నీళ్ళు పూశారు, కాగితం అంతా. తర్వాత ఆశ్చర్యంగా పసుపు తీసుకున్నారు. చాలా పలచగా, టీ చెంచా కడిగిన నీళ్ళంత పలచగా, కొండ వెనక రావలసిన చోట పారించారు. జీవితమంతా నీలంతో మొదలుపెట్టిన మనిషి.

చలికి వాష్ ఆరడం లేదు. మన ఊళ్ళో రెండు నిమిషాల్లో ఆరిపోయేది ఇక్కడ పావుగంటైనా తడిగానే ఉంది. ఆయన తొందరపడలేదు. కాగితాన్ని ఎత్తి, ఏటవాలుగా పట్టుకుని, రంగు ఎటు నడుస్తోందో చూస్తూ కూర్చున్నారు. ఈలోగా నిజం ఆకాశంలో కూడా పసుపు మొదలైంది, సరిగ్గా కొండ భుజం వెనక. ఒక జాలరి పడవ మోటారు ఆపి నిశ్శబ్దంగా తేలుతోంది. మా దగ్గర్లో నాలుగు బాతులు రెక్కల్లో తలలు పెట్టుకుని నిద్రపోతున్నాయి. కుక్కలేవీ రాలేదు.

తడి కాస్త తగ్గాక నీలం పెట్టారు. ఒక్క కుంచెతో, పైనుంచి కిందికి, కొండ మొత్తం. అది ఆరుతుంటే సన్నని కుంచెతో రెండో నీలం. నేను ఫోన్ జేబులోనే ఉంచేశాను. ఏడుం పావు దాటాక కొండ అంచు నిప్పు అంటుకున్నట్టు మెరిసి, సూర్యుడు బయటికి వచ్చాడు. నీళ్ళ మీద వెలుగు దారి సూటిగా మా మెట్టు దాకా వచ్చింది. నీలం ఒక్కసారిగా తెల్లబడి, కొండ ఎండపొగలో కరిగిపోయింది. ఊళ్ళోకి మొదటి బస్సు వచ్చింది.

నాన్న కుంచెలు కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టారు. తర్వాత అట్ట మళ్ళీ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆకాశంలో ఒకచోట బొటనవేలి గోరుతో గట్టిగా గీకారు. తడి ఇంకా పూర్తిగా పోలేదు, కాగితం కొంచెం లేచింది. తెల్లగా ఒక చుక్క తేలింది.

"ఇవాళ వేగుచుక్క కనపడలేదు కదా నాన్నా?"

"ఆయన చూసిన రోజు ఉందమ్మా" అన్నారు, గోట్లో ఇరుక్కున్న నీలాన్ని చొక్కా అంచుకి తుడుచుకుంటూ.